ఇంజిన్ ఫిట్టింగ్‌లో మడి: దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ ఆపాలి

2024 మే నెలాఖరులో టయోటా అమెరికాలో సుమారు 1,02,000 వాహనాలను వెనక్కి పిలిచింది. 2022, 2023 మోడల్ టండ్రా పికప్‌లు, లెక్సస్ ఎల్ఎక్స్‌లు. లోపల ఉండేది 3.4 లీటర్ల ట్విన్ టర్బో వీ6 ఇంజిన్. కారణం ఏమిటంటే, తయారీలో లోహాన్ని కోసినప్పుడు రాలిన రజను కొన్ని ఇంజిన్లలో పూర్తిగా శుభ్రం కాకుండా ఉండిపోయింది. అది బేరింగుల్లోకి (తిరిగే షాఫ్ట్‌ని మోసే భాగాలు) చేరితే మోత రావడం, బండి సరిగ్గా నడవకపోవడం, ఒక్కోసారి రోడ్డు మధ్యలోనే ఇంజిన్ ఆగిపోవడం. అంతకు ముందు 2015 సెప్టెంబరులో హ్యుందాయ్ కూడా అమెరికాలో సుమారు 4,70,000 సొనాటాలను దాదాపు ఇదే గొడవ మీద పిలిచింది. అలబామా ప్లాంటులో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) తయారైనప్పటి లోహపు తునకలు ఆయిల్ దారుల్లో మిగిలిపోయి, పిస్టన్‌ని ఆ ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఆయిల్ అందకుండా చేశాయి.

ఇవి షెడ్డు కింద నడిచే గ్యారేజీలు కావు. కోట్ల రూపాయల వాషింగ్ మెషీన్లు, ఇన్‌స్పెక్షన్లు, తళతళలాడే నేల, యూనిఫాం వేసుకున్న మనుషులు ఉన్న ఫ్యాక్టరీలు. అయినా రజను లోపలికి పోయింది. కాబట్టి ఇంజిన్ కట్టే చోట శుభ్రం అంటే నేల ఎంత మెరుస్తోంది అన్నది కాదని ముందు ఒప్పుకోవాలి. ఆఖరిసారి కడిగిన క్షణం నుంచి ఆఖరి మూత బిగించే క్షణం దాకా ఆ పార్టును ఏం తాకింది, ఎవరు తాకారు, ఏ గాలి తగిలింది అన్నదే అసలు ప్రశ్న. మా అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేసిన పద్ధతి ఇదే: స్నానం అయ్యాక దేన్ని ముట్టుకోవచ్చు, దేన్ని ముట్టుకోకూడదు అన్న హద్దు. ఆ ఆచారంలో మనుషుల్ని దూరం పెట్టిన భాగం మీద నాకు గౌరవం లేదు గానీ, హద్దు గీసుకోవడం అనే ముక్క మాత్రం ఇంజిన్‌కి చక్కగా పనికొస్తుంది.

మన దగ్గర, విజయవాడ ఆటోనగర్ కావచ్చు, ఊరి చివర చిన్న గ్యారేజీ కావచ్చు, సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరుకొచ్చిందంటే విప్పి, బోర్ కొట్టించి (సిలిండర్లను లోపల కోయించి), క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త రింగులు, కొత్త షెల్ బేరింగులు వేసి కడతారు. కొన్నాళ్లకే మళ్లీ కింద నుంచి టకటక మోత వస్తే నింద మూడు చోట్ల పడుతుంది. స్పేర్లు డూప్లికేట్ అని, లేత్ షాపులో కొలత తప్పారని, ఓనర్ కొత్త ఇంజిన్‌ని గట్టిగా తోలాడని. మూడూ నిజం కావచ్చు. ఫిట్టింగ్‌లో లోపలికి పోయిన చెత్త మాత్రం లెక్కలోకి రాదు, ఎందుకంటే అది ఎవరికీ కనబడదు.

కనబడకపోవడానికి కారణం సైజు. కారు ఇంజిన్‌లో క్రాంక్ జర్నల్‌కీ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) బేరింగుకీ మధ్య సందు మామూలుగా 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్లు, అంటే 20 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. పైగా ఇది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కొలిచే సందు. నడుస్తున్నప్పుడు షాఫ్ట్ సరిగ్గా మధ్యలో తిరగదు, లోడు పడిన వైపుకి జరుగుతుంది. ఆ వైపు ఆయిల్ పొర ఒకటి రెండు మైక్రాన్లకు, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు పల్చబడుతుంది. మామూలు కంటికి 40 మైక్రాన్ల కన్నా చిన్నది కనబడటం కష్టం. అంటే ఇంజిన్‌ని తినేసే రజనులో ఎక్కువ భాగం మన చూపుకి అందనిదే. "చూశానన్నా, నీట్‌గానే ఉంది" అనే మాటకి ఇక్కడ విలువ లేదు.

బేరింగు పైపొరను కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. చిన్న రేణువు వస్తే అది ఆ మెత్తదనంలోకి దిగిపోయి, షాఫ్ట్‌ని గీరకుండా అక్కడే సమాధి అయిపోవాలని. ఆ క్షమాగుణానికి హద్దుంది. రేణువు పెద్దదైతే సగం దిగి సగం పైకి పొడుచుకుని ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ జర్నల్‌ని గీస్తుంది. ఇసుకలో ఉండే సిలికా కాఠిన్యం, గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద 7, ఎమరీ పేపర్లలోనూ సిలిండర్ గోడను సానబట్టే హోనింగ్ రాళ్లలోనూ వాడే అల్యూమినియం ఆక్సైడ్ 9. రెండూ క్రాంక్ ఉక్కు కన్నా గట్టివే. ఉక్కు అరుగుతుంది, రేణువు అరగదు.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం: ఆయిల్ ఫిల్టర్ ఉంది కదా?

ఫిల్టర్ ఎక్కడ ఉందో చూడండి. పంపు ఆయిల్‌ని ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నుంచి లాగి ఫిల్టర్‌లోకి తోస్తుంది, ఫిల్టర్ దాటాక అది బ్లాకులోని (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) గ్యాలరీల, అంటే ఆయిల్ దారుల గుండా బేరింగులకు వెళ్తుంది. మనం వదిలేసిన రజను ఆ గ్యాలరీల్లో ఉంటే, అది ఫిల్టర్‌కి ముందు కాదు, తరువాత ఉన్నట్టు. మొదటిసారి స్టార్ట్ చేయగానే ఆయిల్ దాన్ని తోసుకుంటూ నేరుగా కొత్త బేరింగుల్లోకి వెళ్తుంది. బేరింగుని గీరి, కిందికి కారి, ఛాంబర్లో పడి, మళ్లీ పంపులోకి వచ్చిన తరువాత గానీ ఫిల్టర్ దాని మొహం చూడదు. అప్పటికి పని అయిపోయింది. దానికి తోడు, చల్లగా ఉండి ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్‌లోని బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపిస్తుంది, ఆయిల్ అసలు అందకపోవడం కన్నా మురికి ఆయిల్ నయం అన్న లెక్కతో.

మరి ఈ రజను వచ్చేది ఎక్కడి నుంచి? రోడ్డు దుమ్ము అనుకుంటాం. అది కొంతవరకే. ఎక్కువ భాగం మనం చేయించిన పని నుంచే వస్తుంది. బోర్ కొట్టించి హోనింగ్ చేసినప్పుడు రాయి అరిగిన పొడి, ఇనుప పొడి కలిసి సిలిండర్ గోడ మీది సన్నటి గీతల్లో కూరుకుపోతాయి. క్రాంక్ గ్రైండింగ్ చేసినప్పుడు అదే మిశ్రమం ఆయిల్ రంధ్రాల్లోకి పోతుంది. పార్టుల మధ్య వేసిన పాత ప్యాకింగ్ గీకడానికి డ్రిల్లుకి తగిలించి తిప్పే గరుకు ప్యాడ్లు ఉంటాయే, వాటిది వేరే కథ. రెండు నిమిషాల్లో ముఖం తెల్లగా చేసి పెడతాయి గనక అందరికీ ఇష్టం. కానీ ఆ ప్యాడ్లలో ఉండేది అల్యూమినియం ఆక్సైడే, అది ఊడి ఇంజిన్‌లోకి పోయి బేరింగులు త్వరగా పోతున్నాయని జనరల్ మోటార్స్ తన సర్వీసు విభాగాలకు ప్రత్యేకంగా బులెటిన్ ఇచ్చి మరీ వద్దంది. ఓపిగ్గా ప్లాస్టిక్ గీకుడు కర్రతోనో బ్లేడుతోనో తీసుకోవడం మంచిది. ఇసుకతో గానీ గాజు పూసలతో గానీ బ్లాస్టింగ్ చేయించిన పార్టులైతే నాకు ఇంకా భయం. మూలల్లో, దారాల్లో దాక్కున్న పూస వేడెక్కి చల్లారిన తరువాత ఎప్పుడో బయటపడుతుంది.

తరువాత అనబాండ్, అంటే పార్టుల అతుకుల్లో ఆయిల్ కారకుండా పూసే సీలెంటు. ఛాంబర్ అంచుకి లావుగా పూసి బిగిస్తే బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. బయటిది తుడిచేస్తాం, లోపలిది గట్టిపడి, తెగి, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. అది రజను కాదు గానీ చివరికి చేసేది ఒకటే, బేరింగుకి ఆయిల్ లేకుండా. సన్నటి తీగలాంటి గీత చాలు, అది కూడా బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి చుట్టి.

ఇక బనియన్ వేస్ట్, అంటే గ్యారేజీల్లో తుడవడానికి వాడే గుడ్డ ముక్కలు. గ్రీజు చేతులు తుడుచుకోవడానికి దానంత మంచిది లేదు, ఇంజిన్ కట్టేటప్పుడు దానంత చెడ్డది లేదు. నూలు పోగులు ఊడి అంటుకుంటాయి, పైగా పొద్దున ఇంకో బండి బ్రేకు డ్రమ్ము తుడిచింది కూడా ఆ మూటలోని గుడ్డే అయి ఉండొచ్చు. పోగులు రాలని పేపర్ రోల్ గానీ, ఉతికి విడిగా కవర్లో పెట్టుకున్న గుడ్డలు గానీ ఫిట్టింగ్‌కే ప్రత్యేకంగా ఉండాలి. ఇంకో మాట, కొత్త పార్టు అంటే శుభ్రమైన పార్టు అని కాదు. డబ్బాలో నుంచి తీసిన ఆయిల్ పంపు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, దానికి అట్టపెట్టె పొట్టు అంటుకుని ఉంటుంది, ఒక్కోసారి కోత చిప్పు కూడా ఉంటుంది. కొత్తదాన్ని కూడా కడగాలి. షెల్ బేరింగుల వెనక వైపు మాత్రం పొడిగా, ఆయిల్ లేకుండా ఉండాలి, ఎందుకంటే ఆ వెనక చిన్న రేణువు ఇరుక్కున్నా షెల్ అక్కడ ఉబ్బి ముందు వైపు సందు తగ్గిపోతుంది.

కడగడం గురించి

మన దగ్గర కడగడం అంటే డీజిల్, కిరసనాయిల్, పెట్రోల్. ఇవి గ్రీజుని, పాత ఆయిల్‌ని బాగా కరిగిస్తాయి. హోనింగ్ పొడిని మాత్రం కదిలించలేవు. ఆయిల్ పోతుంది, పొడి గీతల్లోనే ఉండిపోతుంది. దానికి కావాల్సింది వేడి నీళ్లు, సబ్బు, గట్టి బ్రష్షు. ఆటోనగర్‌లో ఈ మాట చెబితే ఇనుప బ్లాకుకి నీళ్లేమిటని నవ్వేవాళ్లున్నారు. కానీ రీబోర్ తరువాత బోర్లను సబ్బు నీళ్లతో తోమమని ఇంజిన్ పార్టుల కంపెనీలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. తోమాక కడిగి, ఆరబెట్టి, తెల్ల గుడ్డకి కొంచెం ఇంజిన్ ఆయిల్ తడిపి బోర్ లోపల తిప్పండి. గుడ్డకి బూడిద రంగు అంటితే మళ్లీ తోమాలి. రెండోసారీ అంటుతుంది, విసుగొస్తుంది, అయినా గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపకూడదు. కంటికి అందనిదాన్ని చూడటానికి ఒక సాదా గ్యారేజీలో ఉన్న ఏకైక పరీక్ష ఇదే.

కడిగిన ఇనుప బోర్ గాలి తగిలితే నిమిషాల్లో ఎర్రబారడం మొదలవుతుంది, కోస్తాలో వానాకాలం అయితే చెప్పనక్కర్లేదు. అందుకే నీళ్లు ఆరిన వెంటనే ఆయిల్ పూయాలి. ఆయిల్ పూసిన దాన్ని మూసి పెట్టాలి, ఎందుకంటే ఆయిల్ తడికి దుమ్ము అంటుకుంటుంది.

గ్యాలరీల చివర ప్లగ్గులు ఉంటాయి. అవి విప్పకుండా బ్లాకు కడిగితే సగం కడిగినట్టే. ప్లగ్గు వెనక మూలలోనే మడ్డి, రజను పేరుకునేది. ప్లగ్గులు తీసి, పొడవాటి సన్న బ్రష్షు ఆ చివర నుంచి ఈ చివరకు తోసి, సబ్బు నీళ్లు పోసి, గాలి కొట్టాలి. క్రాంక్ రంధ్రాలకూ అదే వైద్యం. ఒకసారి బేరింగు నలిగిపోయిన ఇంజిన్ అయితే ఆయిల్ కూలర్‌ని కూడా అనుమానించాలి. దాని సన్న దారుల్లో ఇరుక్కున్న లోహపు పొడి కడిగితే పోతుందన్న నమ్మకం నాకు లేదు, మార్చేయడమే మేలు. టర్బో ఉంటే దాని ఆయిల్ పైపు కూడా. లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే షాఫ్ట్ అది, దానికి రజను కలిసిన ఆయిల్ మొదటి గుక్కగా అందితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

గాలి, గది

క్లీన్ రూమ్ కావాలా? నిస్సాన్ జీటీ-ఆర్ ఇంజిన్‌ని జపాన్‌లోని యోకొహామా ప్లాంటులో అలాంటి గదిలోనే, ఉష్ణోగ్రత అదుపులో పెట్టి, ఒక్కో ఇంజిన్‌ని ఒక్కో నిపుణుడే మొదటి నుంచి చివరి దాకా చేత్తో కట్టేవారు. చూడటానికి బాగుంటుంది. కానీ జర్మన్ ఆటోమొబైల్ పరిశ్రమ రాసుకున్న వీడీఏ 19 అనే ప్రమాణాల రెండో భాగం చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. అది అసెంబ్లీ చేసే చోట్లను నాలుగు మెట్లుగా విడగొట్టి, అన్నిటికీ క్లీన్ రూమ్ అక్కర్లేదని చెబుతుంది. ఎందుకో లెక్క చూద్దాం. కదలని గాలిలో 100 మైక్రాన్ల ఇసుక రేణువు మనిషి ఎత్తు నుంచి కొన్ని సెకన్లలో కింద పడిపోతుంది. 10 మైక్రాన్లది నాలుగైదు నిమిషాలు పడుతుంది. 1 మైక్రానుది గంటల తరబడి తేలుతుంది. అంటే బేరింగుని గీసేంత పెద్దవి గాలిలో ఎక్కువసేపు ఉండవు, గాలిని వడకట్టే ఫిల్టర్ దాకా చేరకముందే ఎక్కడో వాలిపోతాయి. వాలేది బల్ల మీద, పార్టు మీద, మన చేతుల మీద. పైగా అసెంబ్లీ పనే రజను పుట్టిస్తుంది: బోల్టు బిగించినప్పుడు దారాల నుంచి, పిన్ను కొట్టినప్పుడు అంచు నుంచి. గాలిని ఎంత శుభ్రం చేసినా వీటికి సంబంధం లేదు.

దీన్ని మన షెడ్డుకి తెచ్చుకుంటే ఖర్చు లేని పద్ధతులు చాలా కనబడతాయి. ఇంజిన్ కట్టే రోజు పొద్దున ఊడవకూడదు, ముందు రోజు సాయంత్రమే తడిగుడ్డతో తుడిచి, రాత్రంతా గదిని అలా వదిలేయాలి. కట్టేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. మే నెలలో ఈ మాట చెబితే కొడతారని తెలుసు, కానీ పైన సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము, కింద నేల మీది దుమ్ము కలిపి పార్టుల మీదికి వదిలేది అదే. ఎయిర్ కూలర్ ఇంకా దారుణం, దుమ్ముతో పాటు తేమ కూడా. ఉంటే ఏసీ, లేకపోతే తెల్లవారుజామున పని. గ్రైండింగ్, వెల్డింగ్, బ్రేకు పని అదే షెడ్డులో ఆ పూట జరగకూడదు. కంప్రెషర్ గన్ను ఫిట్టింగ్ బల్ల దగ్గర వాడకూడదు, అది చెత్తను తీసేయదు, చోటు మారుస్తుంది అంతే, పైగా ట్యాంకులోని నీళ్లు కూడా చల్లుతుంది. గాలి కొట్టడం అంతా కడిగే చోటే అయిపోవాలి.

గది లేదా? పర్వాలేదు, మూల చాలు. పాలిథిన్ తెర కట్టి, బల్ల మీద శుభ్రమైన షీటు వేసి, ఆ బల్ల మీదికి కడగని వస్తువేదీ రాకుండా చూసుకుంటే అదే గది. స్పానర్లు, సాకెట్లు కూడా కడగని వస్తువుల కిందే లెక్క, దీన్నే చాలామంది మర్చిపోతారు. సెల్‌ఫోన్ కూడా. టీ తాగి వచ్చిన చేతులూ అంతే. చెయ్యి ఆపిన ప్రతిసారీ బ్లాకు మీద పెద్ద కవరు కప్పాలి, ఐదు నిమిషాలే కదా అనుకున్నా సరే. తెరిచి ఉన్న ప్రతి రంధ్రానికీ మూత ఉండాలి, మూత లేకపోతే టేపు. గుడ్డ కుక్కడం ఆఖరి మార్గం, కుక్కితే ఎర్రటిదో పచ్చటిదో కొట్టొచ్చినట్టు కనబడే గుడ్డ కుక్కి, ఎన్ని కుక్కారో కాగితం మీద రాసుకోవాలి. ఇన్‌టేక్ దారిలో మిగిలిపోయిన గుడ్డ కథలు ఏ గ్యారేజీలో అడిగినా ఒకటి వినబడుతుంది.

కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ (ఒకే పైపులోని ఒత్తిడి డీజిల్‌ని ఇంజెక్టర్లన్నిటికీ పంచేది) అయితే ఇంజెక్టరు పైపుల దగ్గర ఈ మూతల విషయంలో రెండింతలు పట్టుదల ఉండాలి. 1,600 బార్, ఆ పైన ఒత్తిడితో నడిచే ఇంజెక్టర్ల లోపలి సందులు రెండు మూడు మైక్రాన్లే. డీజిల్ ఫిల్టర్ దాటిన తరువాత పైపులో పడిన దుమ్ముని ఆపేవాళ్లు ఎవరూ లేరు.

శుభ్రంగా ఉన్నా అదుపు తప్పేది

దుమ్ము లేకపోయినా కొలత తప్పుతుంది, వేడి వల్ల. కొలతలకు ప్రపంచమంతా పెట్టుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన మధ్యాహ్నం 42. అల్యూమినియం పిస్టన్ ఇనుప బోర్ కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 80 మి.మీ. సైజు దగ్గర ఆ 22 డిగ్రీల తేడాకి పిస్టన్ 37 మైక్రాన్ల వరకు పెరిగితే బోర్ 19 మాత్రమే పెరుగుతుంది. ఆ మధ్యాహ్నం కొలిచిన పిస్టన్ సందు 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన దాని కన్నా 18 మైక్రాన్లు తక్కువ చూపిస్తుంది, మొత్తం సందే 30, 40 మైక్రాన్లు ఉండే చోట. ఎండలో ఆటోలో వచ్చిన బ్లాకునీ, ఏసీ కౌంటరులో కొన్న పిస్టన్లనీ దించిన వెంటనే కొలిస్తే లెక్క ఇంకా చెడుతుంది. బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటర్ ఒక రాత్రి ఒకే గదిలో పడుకోవాలి, కొలత పొద్దునే చూడాలి.

బోల్టుల్లోనూ దుమ్ము వేరే వేషంలో వస్తుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో మనం పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే ఖర్చయిపోతుంది, పదో వంతు మాత్రమే బోల్టుని సాగదీసి పార్టుల్ని పట్టి ఉంచుతుంది. దారాల్లో మట్టో పాత సీలెంటో ఉంటే రెంచ్ కరెక్టు నంబరు దగ్గరే క్లిక్ అంటుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో ఆయిలో కూలెంటో నిలిచి ఉంటే ఇంకో ప్రమాదం, ద్రవం నలగదు కాబట్టి బోల్టు దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి బ్లాకే చిట్లవచ్చు. ప్రతి రంధ్రంలో దారాలు శుభ్రం చేసి, అడుగున తడి లేకుండా తీసేశాకే హెడ్డు (సిలిండర్ల పై మూత) దించాలి.

మొదలుపెట్టిన మనిషే పూర్తి చేయాలన్నది కూడా అదుపు కిందికే వస్తుంది. రాడ్ క్యాపులు వేలితో పెట్టి, మధ్యలో ఫోన్ వస్తే, తిరిగొచ్చినవాడికి ఏది టార్క్ అయిందో గుర్తుండదు. పెయింట్ పెన్నుతో టార్క్ అయిన బోల్టు తల మీద గీత, ఆపిన చోటు కాగితం మీద రాత, ఈ రెండూ చాలు.

అన్నీ కట్టాక, స్టార్ట్ చేసే ముందు, ఇగ్నిషనో ఇంధనమో ఆపి స్టార్టర్‌తో తిప్పి ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా చూడాలి. మొదటి ఆయిల్‌ని ఎక్కువ కాలం ఉంచకూడదు. అది తీసేటప్పుడు ఫిల్టర్ పారేయకండి, రేకు కోసి లోపలి కాగితపు మడతలు విప్పి వెలుతురులో చూడండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, రింగుల నుంచో బోర్ నుంచో కొద్దిగా రావడం మామూలే. అంటుకోకుండా మెరిసేది బేరింగుదో పిస్టన్‌దో. వేళ్ల మధ్య నలిపితే గరగరమనేది మనం కడగకుండా వదిలేసింది. రబ్బరులా సాగేది అనబాండ్. మొదటిది కొంచెంగా ఉంటే కొత్త ఫిల్టర్ వేసి తోలొచ్చు, మిగతా మూడింట్లో ఏది చిటికెడు కనబడినా ఛాంబర్ దించి ఒక బేరింగు క్యాప్ విప్పి చూడాల్సిందే.